గడప నుంచి గడపకి: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్క కట్టడం ఎలా?

"బరంపురం నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది?" గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉండే తెలుగువాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఫోన్‌లో వెతికితే 710 కిలోమీటర్లు, గంటన్నర లోపే అని జవాబు వస్తుంది. మ్యాప్ మీద గీత గీస్తే 710 నిజమే. కానీ ఆ గీత మీద మిమ్మల్ని ఎక్కించుకుని ఎగిరే పెద్ద విమానం ఏదీ లేదు. బరంపురం పక్కన రంగైలుండలో ఉన్నది చిన్న ఎయిర్‌స్ట్రిప్. మీరు భువనేశ్వర్ వెళ్లి ఎక్కాలి, లేదా విశాఖ వెళ్లి ఎక్కాలి. కాబట్టి లెక్క మీ గడప దగ్గర మొదలై, అవతల మీరు దిగాల్సిన గడప దగ్గర ముగియాలి. గాలిలో గడిచేది అందులో చిన్న ముక్క.

కావలసినవి

- కాస్ (cos) బటన్, వర్గమూలం (√) బటన్ ఉన్న ఫోన్ క్యాలిక్యులేటర్. చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే ఆ బటన్లు కనబడతాయి.
- మ్యాప్స్ యాప్.
- రైళ్ల రాకపోకలు చూపే యాప్ ఏదైనా ఒకటి.
- కాగితం, పెన్ను. మధ్యలో వచ్చే అంకెలు రాసుకోకపోతే తప్పు ఎక్కడ పడిందో దొరకదు.

1. ముందు ఊరి పేరు, విమానాశ్రయం కోడ్ ఖాయం చేసుకోండి

మన ప్రాంతంలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. కోరాపుట్ జిల్లా జయపురానికి, రాజస్థాన్ జైపూర్‌కి ఇంగ్లిష్ స్పెల్లింగులు దగ్గరదగ్గరగా ఉంటాయి. టికెట్ సైటులో మొదటి రెండు అక్షరాలు కొట్టి, కిందికి జారిన జాబితాలో తొందరగా నొక్కితే రాజస్థాన్ వచ్చి కూర్చుంటుంది. ప్రతి విమానాశ్రయానికీ మూడు ఇంగ్లిష్ అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది, అదే కోడ్. జయపురం కోడ్ పీవైబీ. జైపూర్ కోడ్ జేఏఐ. పేరు కాదు, కోడ్ చూసి నొక్కండి.

బరంపురానిదీ ఇదే గొడవ. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఒక బరంపురం ఉంది. దూరం చూపే సైట్లు కొన్నిసార్లు దాన్ని పట్టుకుంటాయి. రైల్వేలో మన స్టేషన్ పేరు బ్రహ్మపూర్, కోడ్ బీఏఎం. హైదరాబాద్‌కి దూరం 710కి బదులు వెయ్యికి పైన కనబడితే బెంగాల్ బరంపురం నుంచి కొలిచారని అర్థం.

రైల్వే కోడ్, విమాన కోడ్ వేరని కూడా గుర్తుంచుకోండి. భువనేశ్వర్ స్టేషన్ బీబీఎస్, విమానాశ్రయం బీబీఐ. విశాఖ స్టేషన్ వీఎస్‌కేపీ, విమానాశ్రయం వీటీజెడ్.

ఒకే ఊరికి రెండు విమానాశ్రయాలు ఉన్నచోట ఇంకా జాగ్రత్త. ముంబైకి పాతది బీఓఎం, నవీ ముంబైలో కొత్తది ఎన్‌ఎంఐ. ఢిల్లీకి డీఈఎల్ కాక ఘాజియాబాద్ వైపు హిండన్ ఉంది. గోవాకి డబోలిమ్, మోపా. టికెట్ చవగ్గా కనబడిందంటే ముందు ఏ విమానాశ్రయమో చూడండి. మిగిలిన డబ్బు అవతల ట్యాక్సీకి పోవచ్చు.

విశాఖ విషయంలో మరొకటి. భోగాపురంలో కొత్త విమానాశ్రయం కట్టారు. అది విశాఖ నగరానికి ఇవతల, విజయనగరం జిల్లాలో, శ్రీకాకుళం నుంచి వచ్చే హైవే వైపు ఉంది. ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి నుంచి వచ్చేవాళ్లకు రోడ్డు ప్రయాణం ఆ మేరకు తగ్గుతుంది. కానీ రైలులో విశాఖ స్టేషన్ దాకా పోయి దిగితే మళ్లీ వెనక్కి రావాలి. మీ టికెట్ మీద ఉన్నది పాత విమానాశ్రయమా, భోగాపురమా అన్నది చూశాకే రైలు స్టేషన్ ఎంచుకోండి.

2. అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి

మ్యాప్స్ యాప్‌లో రన్‌వే మధ్యలో వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, రెండు అంకెలు కనబడతాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేవి ఇవి:

భువనేశ్వర్: 20.244, 85.818
విశాఖ (పాత విమానాశ్రయం): 17.721, 83.224
హైదరాబాద్ (శంషాబాద్): 17.240, 78.429
బెంగళూరు: 13.199, 77.707
చెన్నై: 12.994, 80.171
ముంబై (పాతది): 19.089, 72.868
సూరత్: 21.114, 72.742
ఢిల్లీ: 28.556, 77.100
దుబాయ్: 25.253, 55.364

హెచ్చరిక: కొన్నిచోట్ల ఇవే అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. భువనేశ్వర్‌కి 20 డిగ్రీల 14 నిమిషాల 40 సెకన్లు అని ఉంటే దాన్ని 20.14 అని రాయకూడదు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపాలి. 14ను 60తో భాగిస్తే 0.233, 40ని 3600తో భాగిస్తే 0.011, మొత్తం 20.244. నేరుగా 20.14 అని వేస్తే విమానాశ్రయం దాదాపు పదకొండున్నర కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

3. దూరం కట్టండి

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి పెద్ద సూత్రం ఒకటి ఉంది. దేశం లోపల దాని అవసరం లేదు. కింది పద్ధతితో ఒకటి రెండు కిలోమీటర్ల తేడాలో వస్తుంది. భువనేశ్వర్ - హైదరాబాద్ తీసుకుందాం.

మొదట అక్షాంశాల తేడా: 20.244 లోంచి 17.240 తీస్తే 3.004. దాన్ని 111.2తో గుణించండి: 334 కిలోమీటర్లు. ఇది ఉత్తర దక్షిణాల దూరం. ఒక్కో అక్షాంశ డిగ్రీకి ఎక్కడైనా సుమారు 111.2 కిలోమీటర్లే.

తర్వాత రేఖాంశాల తేడా: 85.818 లోంచి 78.429 తీస్తే 7.389. దీన్ని నేరుగా 111.2తో గుణించకూడదు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు ఒకదానికొకటి దగ్గరపడతాయి. అందుకని రెండు అక్షాంశాల సగటు తీసి (18.742), దాని కాస్ విలువ చూడండి: 0.947. ఇప్పుడు 7.389 × 0.947 × 111.2 = 778 కిలోమీటర్లు. ఇది తూర్పు పడమరల దూరం.

చివరగా రెండింటినీ వర్గం చేసి కలిపి, వర్గమూలం తీయండి. 334 వర్గం 1,11,556. 778 వర్గం 6,05,284. మొత్తం 7,16,840. వర్గమూలం 847. భువనేశ్వర్ నుంచి శంషాబాద్ 847 కిలోమీటర్లు.

ఈ లెక్కలో అందరూ పడే గొయ్యి ఒకటుంది. క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాక రేడియన్లలో (కోణాలు కొలిచే ఇంకో ప్రమాణం) ఉంటే 18.742 కాస్ 0.947కి బదులు 0.994 అని వస్తుంది. రెండూ ఒకటికి దగ్గరగా ఉన్నవే కాబట్టి అనుమానం రాదు. దూరం మాత్రం 847కి బదులు 882 అవుతుంది. మొదలుపెట్టేముందు కాస్ 60 కొట్టి చూడండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. మైనస్ అంకె వస్తే రేడియన్లలో ఉన్నట్టు, మోడ్ మార్చండి.

ఇదే పద్ధతిలో కడితే వచ్చేవి:

భువనేశ్వర్ నుంచి చెన్నై 1,006, బెంగళూరు 1,166, ఢిల్లీ 1,278, ముంబై 1,362, సూరత్ 1,364.
విశాఖ నుంచి హైదరాబాద్ 511, చెన్నై 619, బెంగళూరు 776, ముంబై 1,103, ఢిల్లీ 1,358.

దుబాయ్ అంత దూరానికీ ఈ పద్ధతి పెద్దగా తప్పదు. హైదరాబాద్ - దుబాయ్ ఇలా కడితే 2,551 వస్తుంది, గుండ్రటి భూమి సూత్రంతో 2,546. లండన్, అమెరికాలకు మాత్రం ఇది వాడకండి.

4. దూరం సరిచూసుకోండి

మ్యాప్స్‌లో మొదటి విమానాశ్రయం మీద నొక్కి పట్టి పిన్ వేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో విమానాశ్రయం మీదికి జరపండి. మీ లెక్కకు అయిదారు కిలోమీటర్ల లోపు వస్తే సరే. దారి చూపించే బటన్ నొక్కితే వచ్చేది రోడ్డు దూరం, దాన్ని ఇక్కడ పోల్చకండి.

సైట్లలో ఇంకో ఇబ్బంది మైళ్లు. అదే 847 కిలోమీటర్లు మామూలు మైళ్లలో 526, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో 457. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. అంకె పక్కన ప్రమాణం రాసి లేకపోతే ఆ అంకెను నమ్మకండి.

మీరు కట్టినది అతి తక్కువ దూరం. నిజంగా విమానం ఎగిరే దారి దీనికన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. గాలిదారులు, రన్‌వే ఏ వైపు తెరిచి ఉంది, దిగేముందు తిప్పే చుట్లు అన్నీ కలుస్తాయి. వాటికోసం దూరం పెంచక్కర్లేదు, తర్వాతి అడుగులో సమయంలోనే కలిపేస్తాం.

5. విమాన సమయం కట్టండి

ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి జెట్ విమానాలు పైకి చేరాక గంటకు 830 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతాయి. ఆ అంకెతో భాగిస్తే వచ్చే సమయం ఎప్పుడూ తక్కువే వస్తుంది. విమానం గేటు వదిలి రన్‌వే దాకా నడవాలి, పైకెక్కాలి, దిగాలి, మళ్లీ గేటుకు రావాలి. అందుకని ఇలా కట్టండి:

జెట్‌కి: దూరాన్ని 750తో భాగించి, వచ్చిన సమయానికి 35 నిమిషాలు కలపండి.
రెక్కల ముందు పంకాలుండే ఏటీఆర్‌కి: 450తో భాగించి 30 నిమిషాలు కలపండి.

847ను 750తో భాగిస్తే 1.13. ఇది గంటా 13 నిమిషాలు కాదు. 0.13ను 60తో గుణించాలి, దాదాపు 8 నిమిషాలు. గంటా 8 నిమిషాలకు 35 కలిపితే గంటా 43 నిమిషాలు. విశాఖ - హైదరాబాద్ జెట్‌లో గంటా 16, అదే ఏటీఆర్‌లో గంటా 38. ఒకే దారిలో రెండు టికెట్లకు వేర్వేరు సమయాలు కనబడితే కారణం ఇదే అయ్యుండొచ్చు. టికెట్ వివరాల్లో విమానం రకం రాసే ఉంటుంది.

ఢిల్లీ, ముంబైకి ఇంకో పది నిమిషాలు కలపండి. దిగడానికి వరసలో నిలబడే ఊళ్లు అవి. చలికాలంలో పైన గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది కాబట్టి ముంబై పోయేటప్పుడు పట్టినంతసేపు వచ్చేటప్పుడు పట్టదు. పోను రాను సమయాలు తేడాగా ఉన్నాయని కంగారు పడకండి.

జయపురం నుంచి భువనేశ్వర్‌కి గాలిదూరం 374 కిలోమీటర్లు. అక్కడ నడిచేది తొమ్మిది సీట్ల చిన్న విమానం. దానికి 300తో భాగించి 20 నిమిషాలు కలిపితే గంటా 35. రోడ్డు మీద రాత్రంతా కూర్చునేదానికి ఇది ఎంతో నయం. కానీ సామాను బరువు హద్దు తక్కువ, మబ్బు కిందికి దిగితే రద్దయ్యే అవకాశం ఎక్కువ. మీరు వెళ్లే వారంలో అది నడుస్తోందో లేదో చూడకుండా, దాన్ని నమ్ముకుని భువనేశ్వర్ నుంచి తర్వాతి విమానం బుక్ చేయకండి.

సరిచూసుకోవడానికి: టికెట్ మీద ఫ్లైట్ నంబరు ఉంటుంది. ఫ్లైట్‌రాడార్24లో ఆ నంబరు కొడితే గత వారం రోజులు అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది కనబడుతుంది. టికెట్‌లో రాసిన సమయం కన్నా ఈ ఏడు రోజుల చరిత్రే నిజం చెబుతుంది. ఏడింటిలో నాలుగు రోజులు గంట ఆలస్యమైతే మీరు వెళ్లే రోజు కూడా అంతే అనుకుని లెక్క కట్టండి.

6. గడప నుంచి గడపకి కలపండి

అసలు పని ఇది. బరంపురంలో ఇల్లు, హైదరాబాద్ అమీర్‌పేటలో దిగాలి, దారి భువనేశ్వర్ మీదుగా అనుకుందాం.

ఇంటి నుంచి స్టేషన్, ప్లాట్‌ఫామ్ మీద ఆగడం: 35 నిమిషాలు
బరంపురం నుంచి భువనేశ్వర్ రైలు, 166 కిలోమీటర్లు: 2 గంటల 45 నిమిషాలు
స్టేషన్ నుంచి విమానాశ్రయం: 20 నిమిషాలు
విమానం లేవడానికి ముందు చేరాల్సింది: 2 గంటలు
విమానం: గంటా 45 నిమిషాలు
దిగి, సామాను తీసుకుని, బయటికి: 35 నిమిషాలు
శంషాబాద్ నుంచి అమీర్‌పేట: గంట

మొత్తం 9 గంటలు. రైలు ఆలస్యానికి ఇంకో గంట వేసుకోండి, 10 గంటలు. ఇందులో విమానం గాలిలో ఉన్నది గంటన్నర కూడా ఉండదు.

ఇదే విశాఖ మీదుగా కడితే రైలు 277 కిలోమీటర్లు, 4 గంటల 15 నిమిషాలు. స్టేషన్ నుంచి పాత విమానాశ్రయం 40 నిమిషాలు. విమానం గంటా 15. మిగతావన్నీ అంతే. 10 గంటల 20 నిమిషాలు, ఆలస్యంతో 11 గంటల 20.

సికింద్రాబాద్‌కి నేరుగా పోయే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సుమారు 15 నుంచి 17 గంటలు తీసుకుంటుంది. గంటలు చూస్తే విమానమే గెలుస్తుంది. కానీ రైలులో ఒక రాత్రి నిద్ర ఉంది, మధ్యలో మారడం లేదు, నాలుగు మూటలతో పోయే కుటుంబానికి బరువు గొడవ లేదు. ఒక్క హైదరాబాద్ వరకు అయితే, అత్యవసరం కానప్పుడు, రైలే మేలని మా అభిప్రాయం. సూరత్, ముంబై, ఢిల్లీలకు ఆ మాట చెప్పలేం. అక్కడ రైలు రోజు దాటిపోతుంది, విమానం ఒక పూటలో తేలుస్తుంది.

రెండు గంటల ముందు చేరడం ఎక్కువనిపిస్తుంది. దేశీయ విమానాలకు చాలా కంపెనీలు లేచే సమయానికి గంట ముందే చెకిన్ కౌంటరు మూసేస్తాయి, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. ఫోన్‌లో వెబ్ చెకిన్ చేసినా, పెట్టె అప్పజెప్పాల్సింది కౌంటరు మూయకముందే. మీ కంపెనీ గడువు టికెట్ మీదే ఉంటుంది, చదవండి. గల్ఫ్ విమానాలకు మూడు గంటల ముందు ఉండండి.

7. ఏ విమానాశ్రయం నుంచి ఎక్కాలి?

మ్యాప్ చూసి ఇది తేల్చేవాళ్లే ఎక్కువ. "బెంగళూరు విశాఖకి దగ్గర కదా, విశాఖ నుంచే పోదాం" అంటారు. గాలిలో 390 కిలోమీటర్లు తక్కువే. కానీ ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి:

విమానంలో 100 కిలోమీటర్లకు 8 నిమిషాలు.
మన రైలు లైనులో 100 కిలోమీటర్లకు గంటన్నర పైనే.
ఘాట్ రోడ్డులో 100 కిలోమీటర్లకు రెండున్నర గంటలు దాటుతుంది.

బరంపురం మనిషి బెంగళూరుకు విశాఖ నుంచి ఎక్కితే గాలిలో అరగంట మిగులుతుంది, రైలులో గంటన్నర పోతుంది. అందుకని నేల మీద దూరం తగ్గించే విమానాశ్రయాన్నే ఎంచుకోండి. దిగాల్సిన ఊరు ఏ వైపున్నా సరే, ఈ లెక్క పెద్దగా మారదు.

బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ వాళ్లకు భువనేశ్వర్. ఇచ్ఛాపురం ఇవతల అవతల ఉన్నవాళ్లు రెండూ కట్టి చూడాలి, ఆ రోజు అనుకూలమైన రైలు ఏదో అదే తేలుస్తుంది. భువనేశ్వర్ - విశాఖ వందే భారత్ బరంపురంలోనూ ఆగుతుంది కాబట్టి దాని సమయం కలిస్తే పై లెక్కలో గంట దాకా తగ్గించుకోవచ్చు.

పర్లాకిమిడి వాళ్లకు విశాఖే. శ్రీకాకుళం మీదుగా కారులో నాలుగు గంటలు పెట్టుకోండి. గుణుపురం, రాయగడ వాళ్లకూ విశాఖే. రాయగడ నుంచి విజయనగరం మీదుగా రైలు 200 కిలోమీటర్ల చిల్లర.

కోరాపుట్, జయపురం నుంచి విశాఖకు సుంకి, సాలూరు మీదుగా దాదాపు 220 కిలోమీటర్ల రోడ్డు. మ్యాప్స్ అయిదు గంటలు అని చూపినా ఆరు వేసుకోండి. ఘాట్‌లో ఒక లారీ అడ్డం నిలిచిందంటే వెనకాల అందరూ ఆగాల్సిందే, వానల్లో బండరాళ్లు జారతాయి. తెల్లవారుజామున విమానం ఉంటే రాత్రి ఘాట్ దిగకండి, ముందు రోజు సాయంత్రానికే విజయనగరమో విశాఖో చేరి పడుకోండి. జయపురం వాళ్లకు ఛత్తీస్‌గఢ్ జగ్దల్‌పూర్ కూడా ఒక దారి. అక్కడి నుంచి హైదరాబాద్ గాలిదూరం 430 కిలోమీటర్ల చిల్లరే. కాకపోతే సర్వీసులు తక్కువ, వారంలో ఏ రోజులో టికెట్ సైటులో చూసుకోవాలి.

8. మధ్యలో విమానం మారాల్సి వస్తే

గంజాం నుంచి సూరత్‌కి పోయేవాళ్లు లెక్కలేనంతమంది. నేరుగా విమానం దొరకని రోజు సైటు రకరకాల దారులు చూపిస్తుంది. ప్రతి ముక్క దూరం విడిగా కట్టి కలపండి. భువనేశ్వర్ - సూరత్ నేరుగా 1,364. హైదరాబాద్ మీదుగా 847, 737 కలిపి 1,584. ఢిల్లీ మీదుగా 1,278, 937 కలిపి 2,215. హైదరాబాద్ మీదుగా ఎగిరే సమయం సుమారు 3 గంటల 17 నిమిషాలు, ఢిల్లీ మీదుగా, ఆ ఊరికి కలపాల్సిన పది నిమిషాలతో, 4 గంటల 17 నిమిషాలు. దానికి మధ్యలో కూర్చునే సమయం కలపాలి. 35 నిమిషాలు రెండుసార్లు పడతాయని మరవకండి. మొత్తం దూరాన్ని ఒకేసారి 750తో భాగించి 35 కలిపితే తప్పు.

రెండు ముక్కలూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో చోటు చూడాల్సింది కంపెనీయే. చవకని విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ బాధ్యత మీదే. పెట్టె కూడా మీరే తీసుకుని మళ్లీ కౌంటర్లో ఇవ్వాలి. అలాంటప్పుడు మధ్యలో కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి.

9. గల్ఫ్ టికెట్ అయితే గడియారం సరిచేయండి

టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. దుబాయ్, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక. సౌదీ, ఖతార్, కువైట్ రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి లేచి దుబాయ్‌లో 12:30కి దిగుతుందని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, దానికి గంటన్నర కలిపి నాలుగు గంటలు. మన సూత్రంతో 2,546ను 750తో భాగించి 35 కలిపినా నాలుగు గంటలే వస్తుంది. వచ్చేటప్పుడు కలపకూడదు, తీసేయాలి. వెనక్కి వచ్చే టికెట్ మీద అయిదు గంటలు కనబడినా గాలిలో ఉండేది మూడున్నరే.

తీసేయడమా, కలపడమా అన్న తికమక వస్తే రెండు సమయాలనూ మన గడియారంలోకి మార్చి రాసుకోండి. దుబాయ్ 12:30 అంటే మనకు మధ్యాహ్నం 2:00. అప్పుడు 10:00 నుంచి 2:00 అని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎక్కువగా జరిగే తప్పులు, ఆ తప్పు కనబడే తీరు

విమాన సమయం గంట కన్నా తక్కువ వచ్చిందా? 35 నిమిషాలు కలపడం మరిచారు. దూరం రోడ్డు దూరం కన్నా ఎక్కువ వచ్చిందా? ఎక్కడో అంకె తప్పింది, గాలిదూరం ఎప్పుడూ రోడ్డు కన్నా తక్కువే ఉండాలి. ముందు కాస్ మోడ్ చూడండి, తర్వాత అక్షాంశం చోట రేఖాంశం వేశారేమో చూడండి. మన దేశ ప్రధాన భూభాగంలో అక్షాంశం 8కీ 37కీ మధ్య, రేఖాంశం 68కీ 97కీ మధ్య ఉంటుంది. ఆ హద్దు దాటితే తారుమారైనట్టే.

రైలు వచ్చే సమయానికి, విమానం లేచే సమయానికి మధ్య రెండు గంటలే పెట్టుకోవడం మరో తప్పు. ఆ రెండు గంటలు విమానాశ్రయంలో ఉండాల్సినవి. రైలు రాక, విమానం లేవడం మధ్య కనీసం మూడున్నర గంటలు ఉంచండి. రైలు యాప్‌లో గత నెల రోజుల ఆలస్యం చూసి, గంట దాటిన రోజులు ఎక్కువగా ఉంటే అంతకు ముందు రైలు పట్టుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో ఈ తీరంలో ప్రయాణం ఉంటే తుపాను హెచ్చరికలు కూడా లెక్కలో భాగమే. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్నే దెబ్బకొట్టి రోజుల తరబడి మూయించింది. 2018లో తిత్లీ పలాస వైపు తాకింది. భువనేశ్వర్‌కి వేసవిలోనూ తప్పలేదు, 2019 మేలో ఫణి వచ్చింది. బరంపురం వైపు ఉన్న ఒక్క రైలు లైనూ తీరం వెంటే పోతుంది కాబట్టి విమానం రద్దయిన రోజు రైలూ ఉండకపోవచ్చు. వాయుగుండం వార్త వినబడితే అనుకున్న తేదీకి ఒక రోజు ముందే బయలుదేరండి, తర్వాతకి వాయిదా వేయకండి. తుపాను దాటాక పట్టాలు, రన్‌వే బాగయ్యే రోజు ఎవరూ ముందుగా చెప్పలేరు. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పోయేవాళ్లు పొగమంచుకి ఉదయం విమానాలు వదిలి మధ్యాహ్నంవి చూసుకోవడం మంచిది.

బుక్ చేసేముందు చివరి చూపు

బటన్ నొక్కేముందు తేదీ మరోసారి చూడండి. మనకు తెల్లవారితేనే రోజు మారినట్టు. టికెట్‌కి అర్ధరాత్రి 12 దాటగానే మారిపోతుంది. 15వ తేదీ 00:40 అని ఉన్న విమానానికి మీరు విమానాశ్రయంలో ఉండాల్సింది 14వ తేదీ రాత్రి పదిన్నరకు. బరంపురం నుంచి అయితే 14 సాయంత్రం భువనేశ్వర్ చేరే రైలుకు రిజర్వేషన్ కావాలి, 15వ తేదీ రైలుకు కాదు. కాగితం మీద రైలు తేదీ, విమానం తేదీ ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన వారం పేరు కూడా రాసుకోండి. 14 ఆదివారం రాత్రి, 15 సోమవారం 00:40 అని రాసి ఉంటే ఇంట్లో ఇంకొకరు చూసినా తప్పు పట్టేస్తారు.